జీను కింద గొర్రెతోలు

*ఉతుకు తగ్గించి, దులుపు పెంచితే గుర్రపు సామాను ఏళ్ల తరబడి మన్నుతుంది*

గుర్రపు స్వారీ సామానులో గొర్రెతోలు చేసే ముఖ్యమైన పని ఒకటే. గట్టిగా ఉండే సామానుకూ గుర్రం చర్మానికీ మధ్య ఒరిపిడి లేకుండా చూడటం. జీను కింద పరిచే ప్యాడ్, పొట్ట కింద బిగించే గర్త్ మీది తొడుగు, ముక్కుపట్టీకి చుట్టే బొచ్చు చుట్ట, కాళ్ల బూట్ల లోపలి అస్తరు అన్నీ ఈ తోలుతోనే చేస్తారు. అమెరికా పశ్చిమ ప్రాంతపు కౌబాయ్ జీనులకు అడుగుభాగమంతా గొర్రెతోలే కుట్టి ఉంటుంది. లండన్‌లో రాజు అంగరక్షక అశ్వదళం దాన్ని జీను పైన పరుస్తుంది. అందులో బ్లూస్ అండ్ రాయల్స్ పటాలం వాడేవి నల్లతోళ్లు. పందేల్లో ముక్కు మీద లావుపాటి ఉన్ని చుట్టతో పరిగెత్తే గుర్రాలు కనిపిస్తుంటాయి. కాళ్ల ముందు నేల మీద పడే నీడలు కంటబడి గుర్రం బెదరకుండా ఆ చుట్ట అడ్డుపడుతుంది.

అసలైన గొర్రెతోలు ప్యాడ్ ఖరీదు వేలల్లో ఉంటుంది. ఇవి స్వారీలో అరిగిపోయేదానికన్నా ఉతుకులో పాడైపోయేదే ఎక్కువ. వేడినీళ్లు, బట్టల సోడా, ఎండ ఈ మూడూ ఒక్క పూటలో తోలును అట్టముక్కగా మార్చేస్తాయి. ఎందుకలా జరుగుతుందో తెలిస్తే, ఏం చేయాలో చాలావరకు దానంతట అదే తెలుస్తుంది.

పైన ఉన్ని, కింద తోలు

ఈ ప్యాడ్‌లో రెండు పదార్థాలున్నాయి. పైనున్న ఉన్ని కెరాటిన్ అనే ప్రొటీన్. మన జుట్టు, గోళ్లు కూడా అదే. దాని అడుగున ఉన్న తోలు కొల్లాజెన్ అనే మరో ప్రొటీన్. రెండూ ఒకే జంతువు ఒంటి మీదివే అయినా వాటికి పడనివి వేరువేరు.

ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. తడి, వేడి, రాపిడి ఒకేసారి తగిలితే పక్కపక్క పోగుల పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఒకసారి అలా ముడిపడ్డాక విడదీయడం కుదరదు. బొచ్చు ఉండకట్టి, గట్టిపడి, కుదించుకుపోతుంది. కశ్మీర్‌లోనూ రాజస్థాన్‌లోని టోంక్‌లోనూ నమ్దాలు చేసేవారు ఉన్నిని తడిపి, నొక్కి, దొర్లించి ఇదే పని కావాలని చేస్తారు. జీను ప్యాడ్‌కు మాత్రం ఇది చావుదెబ్బ. బొచ్చు విడివిడిగా నిలబడితేనే వాటి మధ్య గాలి ఉంటుంది. ఆ గాలే బరువును పంచుతుంది, చెమటను బయటికి పోనిస్తుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకుని కూడా చేతికి తడిగా తగలదు. గుర్రం వీపుకు గొర్రెతోలు నప్పడానికి ముఖ్య కారణం ఇదే.

తోలు సంగతి వేరు. ఊనని (టానింగ్ చేయని) పచ్చితోలు తడిగా ఉన్నప్పుడు 60 – 65 డిగ్రీల వేడి తగిలితే చప్పున ముడుచుకుపోతుంది. ఊనిన తోలు అంతకన్నా ఎక్కువ వేడికి నిలుస్తుంది. ఎంత నిలుస్తుందన్నది ఊనిన పద్ధతిని బట్టి ఉంటుంది. క్రోమియం లవణాలతో ఊనినవి ఎక్కువ తట్టుకుంటాయి. తంగేడు చెక్కలాంటి బెరడుతో ఊనినవి అంత తట్టుకోవు. పటిక, ఉప్పు పట్టించి ఆరబెట్టిన తోళ్లను అసలు నీళ్లలో ముంచకూడదు. నీళ్లకు పటిక కరిగిపోతే అది మళ్లీ పచ్చితోలై కుళ్లిపోతుంది. అందుకే కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘దీన్ని ఉతకొచ్చా?’ అని. గ్లుటరాల్డిహైడ్‌తో ఊనిన తోళ్లు ఉతుకునూ చెమటనూ బాగా తట్టుకుంటాయి. మంచం పట్టిన రోగులకు ఒరుపు పుండ్లు పడకుండా ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో పరిచే గొర్రెతోళ్లు ఈ రకానివే.

మన గొర్రెలు ఎందుకు పనికిరావు?

దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రాల్లో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. అయినా జీను ప్యాడ్‌కు కావాల్సిన తోలు ఇక్కడ దొరకదు. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, ఒంటిని అంటుకుని పొట్టి వెంట్రుకలే ఉంటాయి. దక్కనీ జాతికి ఉన్ని ఉంది కానీ అది ముతక. గొంగడి నేతకు సరిగ్గా సరిపోయే ఆ ఉన్ని గుర్రం వీపుకు గరుకవుతుంది. ప్యాడ్లకు వాడేది ఎక్కువగా మెరినో రకం. దాని పోగులు సన్నగా, ఒత్తుగా, స్ప్రింగులా వంకరలు తిరిగి ఉంటాయి. నొక్కి వదిలితే మళ్లీ పైకి లేస్తాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఈ తోళ్లకు పెట్టింది పేరు. మన దేశంలో గుర్రపు సామాను తయారీకి కాన్పూర్ పెద్ద కేంద్రం. అక్కడి జీను సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఉన్నిని ఎలా చూసుకోవాలన్నది తెలుగు నేలకు కొత్త కాదు. గొంగడిని నేసే కురుమలు, భుజాన వేసుకునే గొల్లలు దాన్ని చీటికీమాటికీ ఉతకరు. దులుపుతారు, గాలికి వేస్తారు. గొర్రెతోలు ప్యాడ్‌కూ అదే మొదటి సూత్రం.

మురికి ఎక్కడి నుంచి వస్తుంది?

ప్యాడ్‌కు పట్టేది దుమ్మూ మట్టీ మాత్రమే అయితే దులిపితే పోయేది. అసలు ఇబ్బంది చెమటతో. ఎండలో కష్టపడి పనిచేసే గుర్రానికి గంటకు 10 నుంచి 15 లీటర్ల దాకా చెమట పోయవచ్చు. మనిషి చెమట కన్నా అందులో ఉప్పు ఎక్కువ. దానికి తోడు లాథరిన్ అనే ప్రొటీన్ కూడా ఉంటుంది. నూనె పట్టిన వెంట్రుకల మీద చెమట జారిపోకుండా పరుచుకుని తొందరగా ఆవిరయ్యేలా చేసేది ఇదే. జీను అంచుల్లో, తొడల మధ్య లేచే తెల్లటి నురగ దీని వల్లనే.

ప్యాడ్ ఆరాక నీళ్లు పోతాయి. ఉప్పు, ప్రొటీన్, ఒంటి జిడ్డు, రాలిన వెంట్రుకలు, చుండులాంటి పొట్టు మిగులుతాయి. ఇవన్నీ కలిసి బొచ్చు కొసల్ని అతికించేస్తాయి. వేలు పెట్టి చూస్తే పైపైన మెత్తగానే ఉన్నా, లోపల పెళుసైన గడ్డలు తగులుతాయి. ఆ గడ్డల మీద మళ్లీ జీను బిగిస్తే బరువు అక్కడే పడుతుంది. ఒరిపిడి తప్పించాల్సిన ప్యాడే ఒరిపిడికి కారణమవుతుంది. ఉప్పు తోలులోకి దిగితే అందులోని మెత్తదనం పోయి క్రమంగా పగుళ్లిస్తుంది.

రోజూ చేయాల్సింది

స్వారీ అయిపోయాక జీను కిందే ప్యాడ్‌ను వదిలేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. బరువు కింద తడి బొచ్చు అణిగి, అలాగే ఆరిపోతుంది. జీను దించగానే ప్యాడ్‌ను విడదీసి, బొచ్చు పైకి ఉండేలా నీడపట్టున గాలి ఆడేచోట వేయాలి. సన్నటి మేకుకు తగిలిస్తే ఆ ఒక్కచోట తోలు సాగిపోతుంది కాబట్టి లావుపాటి కర్ర మీద గానీ జీను పెట్టే గుర్రపుకొయ్య మీద గానీ పరవాలి.

తడిగా ఉండగా దువ్వకూడదు. తడి బొచ్చు మీద బ్రష్ రుద్దితే పోగులు చిక్కుపడతాయి, కొన్ని వేళ్లతో సహా ఊడివస్తాయి. పూర్తిగా ఆరాక ముందు ప్యాడ్‌ను తిరగేసి తోలువైపు అరచేత్తో తడితే లోపలి దుమ్ము రాలుతుంది. తర్వాత సన్నటి తీగపళ్ల బ్రష్ తీసుకోవాలి. కుక్కల బొచ్చు దువ్వడానికి పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మేదే చాలు. ప్యాడ్‌ను చేతిమీద కాస్త వంచితే బొచ్చు పాయలుగా విచ్చుకుని మొదళ్లు కనిపిస్తాయి. అక్కడినుంచి కాకుండా ముందు కొసలు, తర్వాత నడుమ, చివరికి మొదలు – ఈ వరుసలో తేలికచేత్తో దువ్వుతూ పోవాలి. మొదటే లోతుగా లాగితే ముడులు బిగుసుకుంటాయి. గడ్డకట్టిన చోట వేళ్లతోనే విడదీసి, ఆ తర్వాతే బ్రష్ పెట్టాలి.

ఎక్కువగా అణిగేవి మూడుచోట్లు: మెడ మొదట్లో వీపు ఎత్తుగా లేచేచోటి ఇరుపక్కలు, రౌతు తుంటి బరువు పడే వెనకభాగం, గర్త్ తొడుగు గుర్రం మోచేతి వెనక ఒరుసుకునేచోటు. ఈ మూడింటినీ రోజూ చూసుకుంటే మిగతాచోట్ల వారానికోసారి దువ్వినా సరిపోతుంది. దువ్వడం ప్యాడ్‌తోనే అయిపోదు. జీను వేసేముందు గుర్రాన్ని బాగా మాలీసు చేసి దుమ్ము దులిపితే ప్యాడ్‌కు పట్టే మురికి బాగా తగ్గుతుంది. ప్యాడ్ కింద పలుచటి నూలుగుడ్డ వేస్తే చెమట దానికి పడుతుంది. ఆ గుడ్డను రోజూ ఉతుక్కోవచ్చు. అయితే ఆ గుడ్డ ఉన్నిని ఒంటికి తగలనివ్వదు కాబట్టి, తోలుతో వచ్చే లాభం కొంత తగ్గుతుంది.

అసలుదో కాదో చూసుకోవాలి

ఉతికేముందు వస్తువేదో తేల్చుకోవాలి. బజారులో మూడు రకాలున్నాయి. ఉన్ని తోలుకే మొలిచి ఉన్నది అసలైన గొర్రెతోలు. ఉన్ని పోగుల్ని గుడ్డలోకి అల్లినది రెండో రకం. పాలిస్టర్ బొచ్చు మూడోది. బొచ్చును పాయ తీసి అడుగు చూస్తే తోలా, అల్లిక గుడ్డా అన్నది తెలిసిపోతుంది. ఉన్నో పాలిస్టరో తెలియాలంటే నాలుగు పోగులు తుంచి, చిమ్టాతో పట్టుకుని నిప్పు చూపించాలి. ఉన్నయితే జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య పొడి అయిపోయే నల్లటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. పాలిస్టర్ రకాన్ని మామూలు బట్టల్లాగే ఉతుక్కోవచ్చు. ఇక్కడ చెప్పే జాగ్రత్తలు మిగతా రెండింటికి.

ఉతుకు ఎప్పుడు, ఎలా?

బొచ్చు దువ్వినా విచ్చుకోకపోతే, వాసన పోకపోతే, తోలువైపు ఉప్పు తెల్లగా పేరుకుంటే ఉతకాలి. అంతవరకు దులుపుడే మేలు. క్యాలెండర్ చూసి ఉతకాల్సిన పనిలేదు.

నీళ్ల వేడి 30 డిగ్రీలు దాటకూడదు. తెలుగునాట ఎండాకాలంలో ఇదే పెద్ద చిక్కు. మిట్టమధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటాయి. చల్లనీళ్లే కదా అని కుళాయి కింద పెడితే ఉన్ని ఉండకట్టే ప్రమాదం ఉంది. తెల్లవారుజామున పట్టిన నీళ్లు గానీ, రాత్రే నింపి నీడలో ఉంచిన బకెట్ నీళ్లు గానీ వాడాలి. ఉతికే నీళ్లు, జాడించే నీళ్లు ఒకే వేడిలో ఉండాలి. ఉన్నట్టుండి వేడి మారినా ఉన్నికి పడదు.

సబ్బు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మరకలు తీసే ఎంజైములున్న డిటర్జెంట్ పౌడర్లు ప్రొటీన్‌ను కరిగించడానికే తయారైనవి. రక్తం మరకకూ ఉన్నికీ తేడా వాటికి తెలియదు. చాకలి సోడా, బట్టల సబ్బు క్షారాలు. క్షారంలో ఉన్ని ఉబ్బి బలహీనపడుతుంది. బ్లీచ్ జోలికి అసలు పోకూడదు. ఉన్ని అవునో కాదో ప్రయోగశాలలో పరీక్షించడానికి పోగును బ్లీచ్ ద్రావణంలో వేసి, అది కరిగిపోతుందా లేదా అని చూస్తారు. బోరు నీళ్లు కఠినంగా ఉన్నచోట సబ్బు విరిగి తెట్టులా బొచ్చుకు పడుతుంది. అందుకే ఉన్ని బట్టల కోసం అమ్మే ద్రవరూప డిటర్జెంటే సరైనది. గోద్రెజ్ ఈజీ లాంటివి చాలా కిరాణా కొట్లలో దొరుకుతాయి. అది లేనిచోట కుంకుడుకాయ రసం వాడుకోవచ్చు. క్షారగుణం లేని ఆ నురగ ఉన్నికి మంచిదే. తెల్ల ప్యాడ్‌కు మాత్రం లేత పసుపు రంగు పట్టవచ్చు. రసాన్ని గుడ్డలో వడకట్టకపోతే తొక్కలు బొచ్చులో ఇరుక్కుంటాయి.

ముందు ప్యాడ్‌ను పొడిగా దువ్వి దుమ్మంతా దులపాలి. వెల్క్రో పట్టీలుంటే మూసేయాలి; తెరిచి ఉంచితే వాటి కొక్కేలు బొచ్చును పీకేస్తాయి. వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి, డిటర్జెంట్ బాగా కలిపాక బొచ్చు కిందికి ఉండేలా పరిచి, అరచేతులతో నొక్కుతూ వదలాలి. నాలుగు నొక్కులకే నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. రుద్దడం, నలపడం, బండకేసి బాదడం పనికిరావు. ఐదు పది నిమిషాలకు మించి నానబెట్టాల్సిన పనిలేదు. నీళ్లు మార్చి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. డిటర్జెంట్ కొంచెం మిగిలినా మర్నాటి చెమటతో కలిసి గుర్రం వీపు మీద దురద, దద్దుర్లు లేపుతుంది. ఆఖరి జాడింపులో బకెట్‌కు రెండు చెంచాల తెల్ల వెనిగర్ వేస్తే మిగిలిన క్షారం విరిగి బొచ్చు తేలికపడుతుంది.

తయారీదారు ఒప్పుకుంటేనే వాషింగ్ మెషీన్ వాడాలి. ముందునుంచి తలుపు తెరుచుకునే మెషీన్‌లో ఉన్ని ప్రోగ్రామ్ పెట్టి, 30 డిగ్రీల్లో, తక్కువ వేగంతో తిప్పాలి. నడుమ తిరిగే చక్రం ఉన్న మెషీన్ బొచ్చును మెలిపెడుతుంది.

ఆరబెట్టడంలోనే అసలు పనితనం

తడి గొర్రెతోలు బాగా బరువెక్కుతుంది. ఒక కొస పట్టి ఎత్తితే కుట్లు తెగుతాయి, తోలు సాగుతుంది. రెండు చేతులూ కిందుగా పెట్టి ఎత్తాలి. మెలిపెట్టి పిండకుండా పాత తువ్వాలు మీద పరిచి, దాంతో సహా చాపలా చుట్టి, పైనుంచి మోకాలితో నొక్కితే నీళ్లు తువ్వాలుకు పోతాయి. తువ్వాలు మార్చి రెండుమూడుసార్లు చేయాలి.

తర్వాత నీడలో, గాలి తగిలేచోట పరవాలి. ఎండ, హీటర్, హెయిర్ డ్రయ్యర్, బట్టల డ్రయ్యర్ ఏవీ కూడవు. తోలు ఆరేటప్పుడు లోపలి కొల్లాజెన్ పోగుల మధ్య నీళ్లు పోతాయి. ఊనేటప్పుడు పట్టించిన నూనె చాలకపోతే ఆ పోగులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. దీనికి విరుగుడు చేతుల్లోనే ఉంది. తోలు పూర్తిగా ఆరకముందే, తడి తగ్గి చల్లగా మాత్రమే తగిలే దశలో, రెండు చేతులతో అడ్డంగా, నిలువుగా మెల్లగా సాగదీయాలి. సాగిన చోట తోలు తెల్లబారి మెత్తబడుతుంది. ఆరేలోపు ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే చాలు. ఆరాక సాగదీస్తే చిరుగుతుంది.

పూర్తిగా ఆరడానికి పొడి వాతావరణంలో రెండు రోజులు పట్టవచ్చు, వానాకాలంలో ఇంకా ఎక్కువ. పైన బొచ్చు ఆరినా అడుగు తడిగానే ఉంటుంది కాబట్టి బొచ్చు మొదళ్లలోకి వేళ్లు పోనిచ్చి చూసుకోవాలి. ఫ్యాన్ గాలి పెట్టవచ్చు. ఆరాక మొత్తం దువ్వితే బొచ్చు మళ్లీ లేచి నిలబడుతుంది.

ఉతకకూడనివి

జీనుకూ బూటుకూ కుట్టేసిన తోలును నీళ్లలో ముంచే వీల్లేదు. తోలు పట్టీలు, చెక్క చట్రం, లోపలి దూది తడిస్తే తొందరగా ఆరవు. వీటిని దువ్వాలి, దుమ్ము లాగే యంత్రంతో తీయాలి, మురికి ఉన్నచోట మాత్రం డిటర్జెంట్ నురగను గుడ్డతో అద్ది తుడిచి, మళ్లీ మంచినీళ్ల గుడ్డతో తుడవాలి. ప్యాడ్‌కున్న తోలు పట్టీలకు జీను సబ్బు వేరుగా రాయాలి. ఆ సబ్బులోని నూనె బొచ్చుకు అంటితే దుమ్మును పట్టుకుంటుంది.

చర్మరోగాలు, చిమ్మటలు, బూజు

గుర్రాలకు తామర తెచ్చే ట్రైకోఫైటన్ ఈక్వినమ్ అనే శిలీంధ్రం సామాను ద్వారా కూడా ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. గర్త్ తగిలేచోట వెంట్రుకలు గుండ్రంగా రాలడం దాని గుర్తు. దాని బీజాలు నెలల తరబడి బతుకుతాయి. వాటిని చంపే మరుగునీళ్లను గానీ బ్లీచ్‌ను గానీ గొర్రెతోలు తట్టుకోదు. అందుకే సామాను విషయంలో నివారణ ఒక్కటే: ఏ గుర్రం ప్యాడ్ ఆ గుర్రానికే. రోగం వచ్చిన గుర్రం ప్యాడ్‌ను వేరుగా పెట్టి, పశువైద్యుడు చెప్పినట్టు చేయాలి, అవసరమైతే పారేయాలి. ఖరీదు చూసుకుని దాచుకుంటే రోగం లాయమంతా తిరుగుతుంది. ఒకే సామాను చాలా గుర్రాలకు వేసే స్వారీ శిక్షణ కేంద్రాల్లో, వేడినీళ్లతో ఉతకగల పాలిస్టర్ ప్యాడ్ వాడటమే తెలివైన పని.

నెలల తరబడి వాడని ప్యాడ్‌కు చిమ్మట పురుగు పెద్ద శత్రువు. దాని పిల్లపురుగులు కెరాటిన్‌నే తిని బతుకుతాయి. చెమట, జిడ్డు పట్టిన ఉన్నంటే మరీ ఇష్టం. కాబట్టి దాచేముందు శుభ్రం చేయడం తప్పనిసరి. ప్లాస్టిక్ సంచిలో పెడితే మన ఉక్కపోతకు బూజు పడుతుంది. పాత నూలు దుప్పట్లో చుట్టి, వేపాకు వేసి, నెలకోసారి తీసి విదిలించి గాలికి పెట్టాలి. వేపాకు పురుగును కొంత దూరం ఉంచుతుందే తప్ప చంపదు. కలరా ఉండలు వాడితే గుడ్డలో కట్టి పైభాగాన పెట్టాలి, వాటి ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి కిందికి దిగుతుంది. గుర్రం మీద వేసేముందు వాసన పోయేదాకా గాలికి ఆరనివ్వాలి. పురుగు పట్టిందని అనుమానం వస్తే ప్యాడ్‌ను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. మ్యూజియాల్లో ఉన్ని వస్తువుల్ని కాపాడటానికీ ఈ పద్ధతి వాడతారు.

బూజు పైపైనే ఉంటే ఆరుబయట పొడిగా దువ్వి, గాలికి పెట్టి, తర్వాత ఉతకవచ్చు. తోలువైపు నల్లమచ్చలు లోపలికి దిగి, గోటితో గీరితే పొట్టు రాలుతుంటే తోలు కుళ్లిందని అర్థం.

ఎప్పుడు మార్చాలి?

దువ్వినా బొచ్చు లేవకపోతే, అరచేత్తో నొక్కితే అడుగు గట్టిగా తగిలితే, తోలు మడిచినచోట పగిలితే ఆ ప్యాడ్ పని అయిపోయినట్టే. అణిగిపోయిన ప్యాడ్ మీద ఇంకో ప్యాడ్ వేయడం పరిష్కారం కాదు. మందం పెరిగితే జీను ఇరుకై వీపును నొక్కుతుంది. సరిపోని జీనుకు ఎంత మంచి గొర్రెతోలైనా మందు కాదు. కొలత తప్పిన జీనును సరిచేయించుకోవాల్సిందే. జీను సరిగ్గా ఉండి, ప్యాడ్‌ను రోజూ దులిపి దువ్వుతూ, అవసరమైనప్పుడే చల్లటి నీళ్లలో ఉతికి నీడన ఆరబెట్టుకుంటే, అది పెట్టిన డబ్బుకు ఏళ్ల తరబడి న్యాయం చేస్తుంది.